మీ ప్రశ్న, మా జవాబు: అమెజాన్ అడవిలో మన బోదకాలు మందు ఎందుకు పనికిరాదు?

వర్షారణ్యాల్లో బతికే ఆదివాసుల అంటువ్యాధుల మీద డెల్టా పాఠకులు రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా చిన్నప్పుడు ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు (డీఈసీ) మింగించేవారు. అమెజాన్ అడవిలో యానోమామి తెగవాళ్ళకీ ఇలాంటి పురుగు జబ్బే ఉందనీ, మూణ్ణెల్లకోసారి మాత్రలు ఇస్తున్నారనీ చదివాను. మన డీఈసీ ఇస్తే పోదా? ఏడాదికోసారి చాలదా?
(భీమవరం)

జవాబు: పోదు సరికదా, కళ్ళకే ముప్పు. రెండూ దారప్పోగులాంటి పురుగుల వల్ల వచ్చేవే, కానీ వాటి కాపురాలు వేరు. మన బోదకాలు పురుగు లింఫు నాళాల్లో ఉంటుంది. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. పరీక్షకి రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చి వేలు గుచ్చేది అందుకే. యానోమామి ప్రాంతంలో ఉన్నది ఆంకోసెర్కియాసిస్, అంటే నదీ అంధత్వం. ఆ పురుగు చర్మం కింద గడ్డల్లో కూర్చుంటుంది. దాని పిల్లలు చర్మంలోనూ కంట్లోనూ తిరుగుతాయి.

డీఈసీ ఈ పిల్లల్ని ఒక్కుమ్మడిగా చంపేస్తుంది. అవి చచ్చిన చోటల్లా వాపు వస్తుంది. చర్మంలో అయితే విపరీతమైన దురద, దద్దుర్లు, జ్వరం. కంట్లో అయితే మిగిలిన చూపు కూడా దెబ్బతింటుంది. నదీ అంధత్వం ఉన్న ఆఫ్రికా దేశాల్లో బోదకాలుకి సైతం డీఈసీ ఇవ్వకుండా ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ కలిపి ఇస్తున్నది ఈ భయంతోనే. మీ ఊరి నుంచి వచ్చిన ప్రశ్న కాబట్టి చెప్పాలి: భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోనే, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో, 1947లో డీఈసీ వెలుగుచూసింది. మన గడ్డమీది జబ్బుకి అది గొప్ప మందు. అక్కడి పురుగుకి మాత్రం తగదు.

అక్కడ ఇచ్చేది ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకి 150 మైక్రోగ్రాములు. అడవిలోకి కాటా మోసుకెళ్ళడం కష్టం కనుక గుర్తులు గీసిన కర్ర పక్కన మనిషిని నిలబెట్టి ఎత్తు చూస్తారు. 3 మిల్లీగ్రాముల మాత్రల లెక్కన 90 నుంచి 119 సెంటీమీటర్ల ఎత్తుకి ఒకటి, 140 దాకా రెండు, 158 దాకా మూడు, ఆపైన నాలుగు. 90 సెంటీమీటర్లు లేని పిల్లలకీ గర్భిణులకీ ఇవ్వరు.

ఇక మూణ్ణెల్ల సంగతి. ఐవర్‌మెక్టిన్ పెద్ద పురుగుని చంపదు. చర్మంలోని పిల్లల్ని మెల్లగా తగ్గించి, తల్లి పురుగు కొత్త పిల్లల్ని వదలకుండా కొన్ని నెలలు ఆపుతుంది, అంతే. తల్లి పురుగేమో పది, పదిహేనేళ్ళు బతుకుతుంది. ఏడాదికోసారి ఇస్తే మధ్యలో చర్మం మళ్ళీ నిండుతుంది, ఈ జబ్బుని మోసే నల్ల ఈగ కుట్టి ఇంకొకరికి చేరవేస్తుంది. ఆ సందు దొరక్కుండా చేయడానికే అక్కడ కొన్ని ఆవాసాల్లో ఏడాదికి నాలుగుసార్లు ఇస్తున్నారు.

ఈ జబ్బుకి దోమతెర కూడా అక్కరకి రాదు. బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ మన మురుగు కాలువల్లో పుట్టి రాత్రి కుడుతుంది. నదీ అంధత్వం మోసే నల్ల ఈగ పగలు కుడుతుంది. దాని పిల్లపురుగులు ఉరకలేసే వాగుల్లో రాళ్ళకి అతుక్కుని, కొట్టుకొచ్చే తిండిని వడకట్టుకు తింటాయి. పంట కాలువలాంటి నిదానపు నీళ్ళు వాటికి సరిపడవు.

కొలంబియా 2013లో, ఈక్వడార్ 2014లో, మెక్సికో 2015లో, గ్వాటెమాల 2016లో ఈ జబ్బు నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ పొందాయి. అమెరికా ఖండాల్లో మిగిలింది బ్రెజిల్, వెనిజులా సరిహద్దులోని యానోమామి అడవే. మందు లేక కాదు. కొన్ని ఊళ్ళకి చిన్న విమానంలో వెళ్ళి, అక్కడినుంచి రోజుల తరబడి నడవాలి. తోటలు మార్చుకుంటూ ఊళ్ళూ కదులుతాయి, సరిహద్దు గీత వాళ్ళకి పట్టదు. ఒక దేశం బృందం వచ్చిన నాటికి ఆ కుటుంబం రెండో దేశంలో ఉంటుంది. మందు తీసుకోదగినవాళ్ళలో నూటికి 85 మందికి ప్రతి విడతా చేరాలన్నది లక్ష్యం.

ప్రశ్న: బంగారం తవ్వకాల వల్ల యానోమామివాళ్ళకి మలేరియా పెరిగిందంటారు. గోతికీ జ్వరానికీ ఏమిటి సంబంధం? మావాడు పాపికొండల వైపు పనికి వెళ్ళొచ్చాక రెండుసార్లు మలేరియా పడ్డాడు. మళ్ళీ దోమ కుట్టిందంటారా?
(రావులపాలెం)

జవాబు: దొంగచాటుగా బంగారం తవ్వేవాళ్ళు పెద్ద గొట్టాలతో నీళ్ళు చిమ్మి ఏటిగట్టుని కరిగిస్తారు. ఆ గోతుల్లో నీళ్ళు నిలుస్తాయి. అక్కడి ముఖ్యమైన మలేరియా దోమ అనాఫిలిస్ డార్లింగీకి నిలకడ నీరు కావాలి. దోమ ఒక్కటే ఉంటే జ్వరం రాదు, పరాన్నజీవి కూడా ఉండాలి. దాన్ని వేరే చోట్ల నుంచి వచ్చిన కూలీలు తమ రక్తంలో మోసుకొస్తారు. పైగా కుటుంబంలో అందరూ జ్వరంతో పడుకుంటే తోటపనీ వేటా ఆగి పిల్లలు ఎండిపోతారు. 2023 జనవరిలో బ్రెజిల్ అక్కడ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు మలేరియా, ఆకలి రెండూ జంటగానే కనిపించాయి.

మీవాడి విషయం: చీటీ మీద వైవాక్స్ (మలేరియాలో ఒక రకం) అని ఉందేమో చూడండి. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి, వారాలకో నెలలకో దోమ కుట్టకుండానే తిరగబెడుతుంది. క్లోరోక్విన్ మూడు రోజుల్లో జ్వరాన్ని దించుతుంది, నిద్రపోయేదాన్ని తాకదు. దానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. పెద్దవాళ్ళకి మామూలుగా రోజుకి 15 మిల్లీగ్రాములు, అదీ తిన్నాక. జ్వరం తగ్గిందని నాలుగో రోజున మానేయడమే తిరగబెట్టడానికి పెద్ద కారణం. జీ6పీడీ (రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవాళ్ళలో ఈ మందు రక్తకణాల్ని పగలగొడుతుంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించండి. మూత్రం డికాషన్ రంగులో వస్తే వెంటనే మాత్రలు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులకి ఇది ఇవ్వకూడదు. ఏజెన్సీ నుంచి వచ్చాక జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకి మొదటి మాటలోనే చెప్పమనండి.

ప్రశ్న: బయటివాళ్ళ తట్టుకీ జలుబుకీ అడవి తెగలు తుడిచిపెట్టుకుపోతాయంటారు. వాళ్ళ ఒంట్లో శక్తి తక్కువా?
(తణుకు)

జవాబు: తక్కువ కాదు. ఆ క్రిమి ఎన్నడూ సోకని ఊళ్ళో తాతకీ మనవడికీ ఎవరికీ రక్షణ ఉండదు. అందరూ ఒకే వారంలో పడుకుంటారు. 1968లో ఓరినోకో నది ఎగువన యానోమామి ఊళ్ళకి తట్టు వచ్చినప్పుడు ప్రాణాలు తీసింది చాలావరకు ఇదే: నీళ్ళు తెచ్చేవాళ్ళు లేరు, వండేవాళ్ళు లేరు, జ్వరంలో ఉన్న తల్లికి పాలు లేవు. ఆపైన న్యుమోనియా. భయంతో పక్క ఊళ్ళకి పారిపోయినవాళ్ళు జబ్బునీ వెంట తీసుకెళ్ళారు. మన ఊళ్ళలో తట్టు అప్పుడప్పుడూ వచ్చిపోతుండగా పెద్దవాళ్ళకి చిన్నప్పుడే వచ్చేసి ఉండేది కనుక, పిల్లలు పడుకుంటే చూసుకునే మనిషి మిగిలేది. ఆ తేడాని శక్తి తేడా అనుకోవడం అన్యాయం.

అందుకే తట్టు వచ్చిన బిడ్డకి మందు ఎంతో తిండీ నీళ్ళూ అంతే. అమ్మవారు పోసిందని పథ్యం పెట్టి కడుపు మాడ్చకండి. విటమిన్ ఏ వరసగా రెండు రోజులు, రోజుకొక మోతాదు ఇప్పించాలి: ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు 1 లక్ష, అంతకంటే చిన్నవాళ్ళకి 50 వేలు. ఎగశ్వాస కనిపిస్తే ఇంట్లో ఉంచవద్దు.

ప్రశ్న: వచ్చే నెల పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. బారాటాంగ్ దీవి దారిలో జరావా తెగవాళ్ళు కనిపిస్తారట. బిస్కెట్లు ఇవ్వవచ్చా? మా చిన్నదానికి మూడేళ్ళు.
(అమలాపురం)

జవాబు: ఇవ్వకూడదు. ఆపడం, ఫొటో తీయడం, ఏదైనా అందించడం అన్నీ నేరం. జిర్కాటాంగ్ దగ్గర వాహనాల్ని వరసకట్టి పంపేది ఆ అడవి గుండా ఎవరూ ఆగకుండా వెళ్ళడానికే. జరావాలు 1997, 98 ప్రాంతంలో తమంతట తాము బయటికి రావడం మొదలుపెట్టారు, 1999లోనే వాళ్ళలో తట్టు వ్యాపించింది. తట్టు ఒంటిమీద పొక్కు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది, మనిషి వెళ్ళిపోయాక కూడా గాలిలో రెండు గంటల దాకా ఉంటుంది. అంటే చలాకీగా ఆడుకుంటున్న పిల్లే మోసుకెళ్ళవచ్చు.

తల్లీబిడ్డల కార్డు తీసి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండు గడులూ చూడండి: మొదటిది 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య పడి ఉండాలి. తప్పిపోతే ఐదేళ్ళ లోపు ఇప్పుడైనా వేస్తారు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించండి. ఆ రోజున ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్ళ ఎర్రదనం ఉంటే బారాటాంగ్ మానుకుని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోనే ఉండిపొండి.