మేమా, మనమా?

సందేహం: బెర్లిన్ గోడ కూలిన రోజుల గురించి ఒక తెలుగు కథనంలో ‘మేము ప్రజలం’, ‘మేము ఒకే ప్రజలం’ అని రెండు నినాదాలు చదివాను. వాటి తేడా ఏమిటి? అందులోనే ఒకచోట ‘పునరైకీకరణ’, మరోచోట ‘విలీనం’ అన్నారు. ఏది సరి?

సమాధానం: జర్మన్‌లో మొదటిది ‘వియర్ జింట్ డాస్ ఫోల్క్’, రెండోది ‘వియర్ జింట్ ఐన్ ఫోల్క్’. మారింది ఒక్క చిన్న మాటే. 1989 అక్టోబరు 9న లైప్‌జిగ్ వీధుల్లో దాదాపు 70 వేల మంది నడిచినప్పుడు మొదటి నినాదం పాలకుల ముఖాన పలికింది. తూర్పు జర్మనీలో పోలీసుకు ‘ప్రజా పోలీసు’ అనీ, చట్టసభకు ‘ప్రజా సభ’ అనీ పేర్లు. ప్రజల పేరు పెట్టుకున్నది మీరు, ప్రజలం మాత్రం మేము అని దాని సారం. కాబట్టి ‘మేమే ప్రజలం’ అనాలి. ఆ ‘ఏ’కారం తీసేస్తే నినాదమే లేదు.

రెండోదానిలో ‘మేము’ అసలు పొసగదు. అదే రోజు లైప్‌జిగ్‌లో పంచిన ఒక కరపత్రంలో ఈ మాట ఉంది. అక్కడ అది భద్రతా బలగాలకు చేసిన విన్నపం: మనం మనం ఒకటే, హింస వద్దు అని. నవంబరు 9న గోడ తెరుచుకున్నాక అదే వాక్యం పశ్చిమ జర్మన్ల వైపు తిరిగింది. ఏకీకరణ కోరేవారి నినాదమైంది. రెండు సందర్భాల్లోనూ వినేవాడు అందులో ఉన్నాడు. జర్మన్ ‘వియర్’, ఇంగ్లిష్ ‘వి’ ఈ తేడా చూపలేవు. మనకు మేము, మనం వేరుగా ఉన్నాయి. ఇంత చక్కని వసతి ఉండగా వాడుకోకపోవడం బాధగా ఉంటుంది. ‘ఒకే’ పక్కన ‘ప్రజలం’ కూడా అతకదు. ‘మేమే జనం’, ‘మనం ఒకే జనం’ అంటే మూలంలోలాగే ఒకే నామవాచకం రెంటిలోనూ నిలుస్తుంది.

ఇక రెండో ప్రశ్న. పునః + ఏకీకరణ = పునరేకీకరణ; పునరాగమనం, పునరుద్ధరణల్లాగే అచ్చు ముందు రేఫ వస్తుంది. ‘ఐక్యం’తో కలగాపులగమై ‘పునరైకీకరణ’ పుట్టింది, అది తప్పు. పునరైక్యం అంటే మాత్రం ఒప్పే. ‘పునర్’ వదిలేసి జర్మనీ ఏకీకరణ అంటే మన పాఠ్యపుస్తకాల అలవాటులో బిస్మార్క్ కాలపు 1871 గుర్తొస్తుంది, అందుకే 1990కి ‘పునర్’ ఉండాలి.

‘విలీనం’లో లీనమై కరిగిపోవడం ఉంది. తూర్పు తన ఉనికి కోల్పోయిందని విమర్శించేవారి నోట అది సరే. విలేఖరి తన మాటగా రాస్తే ఒక పక్షం వహించినట్టే. సెప్టెంబరు 17ను విలీనమనాలా, విమోచనమనాలా అన్న వాదం చూసిన తెలుగువారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చట్టరీత్యా జరిగింది చేరిక: 1990 ఆగస్టు 23న తూర్పు చట్టసభ, పశ్చిమ జర్మనీ రాజ్యాంగం 23వ అధికరణం కింద అందులో చేరాలని 294–62 ఓట్లతో తీర్మానించింది. అది అక్టోబరు 3న అమల్లోకి వచ్చింది. ఆ పండుగ పేరులో జర్మన్లు వాడేది ‘ఐక్యత’ అన్న మాట. కనుక తీర్మానం గురించి రాస్తే చేరిక, మొత్తం పరిణామానికి పునరేకీకరణ, అక్టోబరు 3కు జర్మన్ ఐక్యతా దినం.

‘రెండు జర్మనీలు పునరేకీకరణ అయ్యాయి’ అని మాత్రం రాయకండి. కరణం అంటే చేయడం. దాని పక్కన ‘అయ్యాయి’ ఇమడదు. శీర్షికకైతే ‘మళ్లీ ఒక్కటైన జర్మనీ’ చాలు.