సెక్షన్ 303 అంటే ఉరిశిక్షేనా?

ప్రశ్న: ఆటస్థలంలో ఎవరిదో ఖరీదైన సెల్‌ఫోను పోతే మా తమ్ముడి మీద ఫిర్యాదు చేశారు. పోలీసులు ఇచ్చిన నోటీసులో ‘బీఎన్ఎస్ 303(2)’ అని ఉంది. ఫోనులో వెతికితే 303 అంటే హత్య, మరణశిక్ష అని వచ్చింది. అమ్మ అన్నం మానేసింది. లాయరును కలిసేలోపు మేమే ఉచితంగా చదివి తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అమ్మ చేత అన్నం తినిపించండి. ఇది దొంగతనం కేసు. మీరు చూసిన 303 పాత ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి, లోది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే మరణశిక్ష తప్పనిసరి అన్న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1983లోనే, మిఠ్ఠూ కేసులో కొట్టివేసింది. నలభై ఏళ్ల కిందట చచ్చిన సెక్షన్ ఇంకా ఇళ్లలో నిద్ర చెడగొడుతోంది!

2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి, అంకెలు తారుమారయ్యాయి. హత్య ఇప్పుడు 103. సినిమాలు మనకు నేర్పిన 302 ఇప్పుడు మత మనోభావాలను మాటలతో గాయపరచడానికి వర్తిస్తుంది. అందుకే అంకె ఒక్కటే వెతకకండి, చట్టం పేరు కూడా జోడించండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే పాత చట్టమే. జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి ‘సంకలన్’ యాప్‌లో పాత, కొత్త సెక్షన్లను పోల్చి చూసుకోవచ్చు.

అసలు పాఠం కోసం కేంద్ర ప్రభుత్వ ‘ఇండియా కోడ్’ వెబ్‌సైటులో 303 తెరవండి. మొదటి భాగం దొంగతనం అంటే ఏమిటో చెబుతుంది. ఇతరుల చరాస్తిని, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీయాలి. ఆ దురుద్దేశం ఉందా లేదా అన్న దగ్గరే చాలా కేసులు నిలుస్తాయి, వీగిపోతాయి. రెండో భాగంలో శిక్ష ఉంటుంది: మొదటిసారికి మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కిందనున్న షరతు దాకా చాలామంది చదవరు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలిన వ్యక్తి దాన్ని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే.

బెయిలు సంగతి భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్, మొదటి షెడ్యూలులో ఉంటుంది. అక్కడ ‘నాన్ బెయిలబుల్’ అని కనిపిస్తే మళ్లీ హడలిపోకండి. బెయిలు హక్కుగా రాదనే దాని అర్థం, కోర్టు ఇవ్వవచ్చు.

తమ్ముడి మీద ఏం రాశారో ఎఫ్ఐఆర్‌లో చూడండి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. తీర్పులు ‘ఇండియన్ కానూన్’ వెబ్‌సైటులో, సుప్రీంకోర్టు వారి ‘ఈ-ఎస్‌సీఆర్’లో ఉచితం, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. మీరు అర్నేశ్ కుమార్ కేసు (2014) ఒక్కటి చదవండి, చాలు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దన్న తీర్పు అది. కృత్రిమ మేధను అడిగి తీర్పుల పేర్లు రాసుకోకండి, లేని కేసులనూ అది ధీమాగా చెప్పేస్తుంది.

నోటీసు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద ఇచ్చారేమో చూడండి. అదే అయితే చెప్పిన రోజుకు తమ్ముడు తప్పక హాజరు కావాలి. షరతులు పాటిస్తున్నంత కాలం, అధికారి కారణాలు రాస్తే తప్ప అరెస్టు కుదరదు. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. లాయరు ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేసి, ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉందేమో ఆ తేదీ లోపే అడగండి.