రాతి పొరలో గాజు పూసలు: ఉల్క దెబ్బా, అగ్నిపర్వతమా?

ఆవగింజంత గాజు పూసలు గ్రహశకలం ఢీకొన్నందుకే పుట్టాయని ఎలా తేలుస్తారు? గుండ్రటి ఆకారం ఒక్కటే చాలదు. లావా కూడా గాజు బొట్లు చిమ్ముతుంది. అసలు గుట్టు నీటి శాతంలో ఉంది. లావా గాజులో అది సాధారణంగా 0.1 పైనే, ఢీకొన్న వేడికి కరిగి గాలిలో గట్టిపడిన టెక్టైట్ గాజులో 0.02 దగ్గరే. ఆ పొరలోనే ఉల్కల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం లోహం, దెబ్బ ఒత్తిడికి గీతలు పడ్డ క్వార్ట్జ్ ఖనిజం కూడా దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

హైతీలోని బెలోక్‌లో దొరికిన పూసలు 6.6 కోట్ల ఏళ్లనాడు మెక్సికోలోని చిక్సులూబ్‌లో గ్రహశకలం కొట్టిన దెబ్బవి. కొన్నిటిలో, పైన బంకమట్టి పెంకు కట్టినా, నడుమ నల్లటి గాజు మిగిలే ఉంది. ఇది అరుదు, గాజు మామూలుగా మట్టి ఖనిజంగా మారిపోతుంది. దక్షిణాఫ్రికా బార్బర్టన్‌లో, 300 కోట్ల ఏళ్లు దాటిన పొరల్లో, పూస ఆకారమే మిగిలింది. అక్కడ నీటి పరీక్ష పనికిరాదు. క్రోమియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) ముఖ్య సాక్ష్యం, ఉల్కల్లో వాటి నిష్పత్తి వేరు.