రాత్రిళ్లు చెమటలు: చెన్నై ఉక్కపోతేనా, జబ్బా?

ఏసీలో పడుకున్నా బట్టలు, దుప్పటి తడిసేంత చెమట తరచూ పడుతుంటే దాన్ని చెన్నై ఉక్కపోత మీదకి నెట్టేయకండి, మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ), థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, షుగర్ పడిపోవడం, టీబీ లాంటి ఇన్ఫెక్షన్లు, కొన్ని డిప్రెషన్ మందులు, అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్ కారణం కావచ్చు.

ఒంటి వేడిని చూసుకునేది మెదడులోని హైపోథాలమస్. మెనోపాజ్‌లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గేసరికి అది కాస్త వేడికే కంగారుపడి చెమట పట్టిస్తుంది. ఇన్ఫెక్షన్లో అయితే జ్వరం దిగేటప్పుడు పడుతుంది.

షుగర్ సంగతి వేరు. చెన్నై వేళచ్చేరిలో ఒకాయన ఇన్సులిన్ వేసుకుని, ఆలస్యమైందని రెండు ఇడ్లీలతో సరిపెట్టి పడుకున్నాడనుకోండి, షుగర్ పడిపోయి శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది, తెల్లవారుజామున మూడింటికి చెమటతో, గుండెదడతో లేస్తాడు. అప్పుడే గ్లూకోమీటర్‌తో చూస్తే 70 mg/dL కన్నా తక్కువ ఉంటే విషయం తెలిసిపోయినట్టే (ముందు చక్కెర నీళ్లు తాగాలి, లెక్కలు తర్వాత).

చెమట అనగానే టీబీయో క్యాన్సరో అని టెన్షన్ పడతారు చాలామంది. ఒక్క చెమటతో అది తేలదు. రెండు వారాలు దాటిన దగ్గు, విడవని జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు, వీటిలో ఏది తోడైనా మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మందుల మీద అనుమానమున్నా సొంతంగా ఆపేయకండి.