మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఫోన్ వస్తే అది నిజమేనా?

కాదండి, అది మోసమే, మీరు అడక్కుండా మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఫోన్ చేసి మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని చెప్పదు, వెంటనే కట్ చేసేయండి. ఆ ఫోన్ చేసినవాడికి మీ కంప్యూటర్ గురించి ఏమీ తెలీదు, అసలు మీకు కంప్యూటర్ ఉందో లేదో కూడా తెలీదు, వరసపెట్టి నంబర్లకి చేసుకుంటూ పోతాడు, భయపడినవాళ్ళు దొరికితే చాలు.

మిమ్మల్ని భయపెట్టడానికి, ఉదాహరణకి విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగేవి రాసిపెట్టే చోటు) ఓపెన్ చేయమంటాడు, అందులో ఎర్ర గుర్తులతో బోలెడు ఎర్రర్లు కనిపిస్తాయి, ఇవన్నీ వైరస్‌లే అంటాడు. నిజానికి బాగా పనిచేసే కంప్యూటర్‌లో కూడా అవి ఉంటాయి, ఏదో ప్రోగ్రామ్ లేటుగా స్టార్ట్ అయినా అక్కడ రాసిపెడుతుంది. మీరు కంగారు పడగానే ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచే కంప్యూటర్ నడిపించే యాప్ వేయించి మీ స్క్రీన్ వాడి చేతిలోకి తీసుకుంటాడు, అసలు ప్రమాదం అక్కడే.

చాలామంది ఓటీపీ చెప్పలేదు కదా ఏం కాదులే అనుకుంటారు, అది తప్పు, స్క్రీన్ కనిపిస్తుంటే మీరు టైప్ చేసేవి, ఆ స్క్రీన్ మీదకి వచ్చే మెసేజ్‌లు మీరు చెప్పకుండానే చూసేస్తాడు. అలాగే ఫోన్‌లో కంపెనీ పేరు కనిపించింది కాబట్టి నిజమే అనుకోవద్దు, ఆ పేరు, నంబర్ రెండూ మార్చి చూపించొచ్చు.

ఇప్పటికే యాక్సెస్ ఇచ్చేసుంటే ముందు ఇంటర్నెట్ ఆపేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంక్‌కి చెప్పి అకౌంట్ బ్లాక్ చేయించండి, పాస్‌వర్డ్‌లు కూడా వేరే డివైస్‌లోంచే మార్చండి, తర్వాత ఆ యాప్ తీసేసి పూర్తి స్కాన్ చేయించండి.