37 బస్తాలా, 57 బస్తాలా?

స్లాబుకు మీ లెక్కలో 37 బస్తాల సిమెంటు వస్తోంది, మేస్త్రి మాత్రం 57 కావాలంటున్నారు, ఎవరిది కరెక్టని అడిగారు కదా. మీ మేస్త్రి లెక్కే కరెక్టండి, అనవసరంగా ఆయన్ని అనుమానించకండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం స్లాబు అంటే 250 ఘనపుటడుగులు, అంటే సుమారు 7.08 క్యూబిక్ మీటర్లు. ఇంతవరకు మీరు చేసింది బాగానే ఉంది. దాన్ని నేరుగా 1:1.5:3 పాళ్లలో (సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు, మొత్తం 5.5 పాళ్లు) పంచేయడం దగ్గరే తేడా వచ్చింది. కంకర రాళ్ల మధ్య సందుల్లోకి ఇసుక, ఇసుక రేణువుల సందుల్లోకి సిమెంటు దూరిపోతాయి. నీళ్లు పోసి కలిపాక మొత్తం కుంగుతుంది. అందుకే పొడి సరుకు 1.54 రెట్లు తీసుకోవాలి. అలా చేస్తే 10.9 క్యూబిక్ మీటర్లు. అందులో 5.5వ వంతు సిమెంటు, 50 కిలోల బస్తాల్లో సుమారు 57. వృథాకు ఇంకో మూడు కలిపి 60 తెప్పించుకోండి.

అన్నట్టు, స్లాబు కిందికి దిగే బీముల లెక్క ఇందులో లేదు, విడిగా వేసుకోవాలి.