లంగ్స్ డాక్టర్ బోర్డు మీద ఉండే డిగ్రీలకి అర్థం ఏంటి?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ఎక్కువై ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు, ఇప్పుడు ఇంటికొచ్చారు. పల్మనాలజీ డాక్టర్‌కి రెగ్యులర్‌గా చూపించమన్నారు. ఒకరి బోర్డు మీద ఎండీ, డీఎం, ఈడీఐసీ, ఎఫ్‌సీసీపీ అని ఉంది, ఇంకొకరికి ఎండీ ఒక్కటే ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జవాబు: నాన్నగారు వెంటిలేటర్ నుంచి బయటపడి ఇంటికొచ్చారంటే చాలా సంతోషమండీ. డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు డిగ్రీలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, ఎండీ దేంట్లో చేశారో చూడండి. మన దేశంలో ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆ తర్వాత ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్ 3 ఏళ్లు, కొంతమంది దీని బదులు డీఎన్‌బీ చేస్తారు, పాత డాక్టర్లకి డీటీసీడీ అనే టీబీ, ఛాతీ జబ్బుల డిప్లొమా కూడా ఉంటుంది. ఇది చదివినవాళ్లే ఊపిరితిత్తుల డాక్టర్లు, టీబీ, ఆస్తమా, సీఓపీడీ, బ్రాంకోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూడటం) ఇవన్నీ వాళ్లు రోజూ చూసే పనే.

డీఎం అంటే ఆ పైన ఇంకో 3 ఏళ్లు. పల్మనరీ డీఎం అయితే లంగ్స్‌తో పాటు ఐసీయూ పని కూడా కలిసి ఉంటుంది, క్రిటికల్ కేర్ డీఎం అయితే మొత్తం ఐసీయూ చదువే, అందులోకి మత్తు డాక్టర్లు, జనరల్ మెడిసిన్ వాళ్లు కూడా వస్తారు. అందుకే క్రిటికల్ కేర్ అని రాసి ఉన్న ప్రతి ఒక్కరూ లంగ్స్ డాక్టర్ అయి ఉండాలని లేదు. అసలు ఐసీయూ మొదలైందే ఊపిరి ఆగిపోయేవాళ్ల కోసం, 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చినప్పుడు ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ పేషెంట్ల గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ వేయించి చేత్తో బ్యాగ్ నొక్కి గాలి ఇప్పించారు, మెడికల్ స్టూడెంట్లు వందలమంది షిఫ్టుల్లో పగలూ రాత్రీ ఆ బ్యాగులు నొక్కారు, చాలా ప్రాణాలు నిలబడ్డాయి. లంగ్స్, ఐసీయూ ఈ రెండు స్పెషాలిటీలకీ అప్పటి నుంచి అంత దగ్గర సంబంధం.

ఇక ఈడీఐసీ అనేది యూరప్ ఇంటెన్సివ్ కేర్ సొసైటీ పెట్టే పరీక్ష, కష్టమైనదే. ఎఫ్‌సీసీపీ అమెరికన్ చెస్ట్ ఫిజీషియన్ల కాలేజీ ఇచ్చే ఫెలో గుర్తింపు, అది గౌరవమే గానీ ఐసీయూలో ఉండి చేసే ట్రైనింగ్ కాదు. డౌట్ ఉంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ పేరు కొట్టి రిజిస్ట్రేషన్ చూసుకోవచ్చు, ఇందులో మొహమాటం అక్కర్లేదు, ఏ మంచి డాక్టరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు నాన్నగారికి కావాల్సింది ప్రతిసారీ ఓపిగ్గా చూసే లంగ్స్ డాక్టర్, ఎండీ రెస్పిరేటరీ ఒక్కటే ఉన్నా సరిపోతుంది, ఇంటికి దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. ఆయన ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో ఎదురుగా చేయించి చూస్తున్నారా, కుదుటపడ్డాక స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల బలం కొలిచే పరీక్ష) చేయిస్తున్నారా, ఫ్లూ, న్యుమోనియా వ్యాక్సిన్ల సంగతి చెప్తున్నారా, సిగరెట్ ఉంటే మానిపించడానికి సాయం చేస్తున్నారా, నేనైతే ఇవి చూస్తాను. డిశ్చార్జ్ సమ్మరీ, పాత ఎక్స్‌రేలు, వాడే ఇన్‌హేలర్లు అన్నీ పట్టుకెళ్లండి. ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చుంటే మీరే ఫ్లో పెంచేయకండి, సీఓపీడీ వాళ్లకి వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు, ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తుగా అయిపోతారు. ఆయాసంతో మాట రాకపోయినా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోండి.